కట్టు ఉన్న దయ్యం

డబ్బులిచ్చి భయాన్ని కొనుక్కునేవాళ్లను నేను నమ్మను. బతుకులో ఊరికే దొరికే భయాలు చాలవా అని నా అనుమానం. నాకు అనుమానం ఎక్కువని మా ఇంటాయన పెళ్లయిన కొత్తలోనే తేల్చేశాడు. పాలల్లో నీళ్లు కలిశాయా అని లోకమంతా పాలవాణ్ణి అడుగుతుంది, నేనైతే బర్రెను అడుగుతానట. అడిగితే తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మొన్న పై అంతస్తు పిల్ల ఫోన్ పట్టుకుని మా ఇంటికి దిగి వచ్చింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, ఒక్క మాటలో మూడు భాషలు కలిపేస్తుంది. దయ్యం సినిమా చూడాలట, ఒక్కతే చూస్తే డర్ లగ్తా హై అట, ఆంటీ పక్కన కూర్చోవాలట. భయమైతే ఎందుకే చూడటం అంటే, భయం వేయకపోతే ఇంకెందుకు చూడటం అని నన్నే ఎదురడిగింది. సరేనని జాకెట్లకు హుక్కులు కుడుతూ పక్కన కూర్చున్నాను. పాత బంగళా, మెట్ల మీద చప్పుడు, అద్దంలో ఎవరో. నాకేమీ అనిపించలేదు. ఆ పిల్ల మాత్రం మధ్యలో ఆపేసి, "ఆగు ఆంటీ, ఈ దయ్యం రూల్ ఏందో ఇంకా చెప్పలే. అద్దంల చూస్తేనే వస్తదా, పిలిస్తే కూడ వస్తదా?" అంది. నా చేతిలో సూది ఆగిపోయింది. ఆ మాట నేను ఇదివరకు ఇంకొకరి నోట విన్నాను. ఆయన రూల్ అనేవాడు కాదు, కట్టు అనేవాడు.

ఆయన అసలు పేరు నాకు తెలియదు. మా గల్లీలో సగం మంది కరీంనగర్ వైపు పల్లెల నుంచి వచ్చి సాంచాల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద, బతికేవాళ్లే. మా ఇంటాయన పనిచేసేది కడోదరా రోడ్డులో ఒక కార్ఖానా. సాంచాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే అక్కడ పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. అందుకని వాళ్లు గొంతుతో మాట్లాడరు. పెదవులు కదుపుతారు, చేతులు తిప్పుతారు, అవతలివాడు కళ్లతో వింటాడు. పేర్లు కూడా సైగలే. బట్టతల ఆయనకు నెత్తి నిమురుకోవడం, మా ఇంటాయనకు మీసం మెలేయడం. ఈయనకేమో రెండు చేతుల వేళ్లూ ముఖం ముందు విప్పి ఆడించడం, దయ్యమన్నమాట. మా ఆయన ఇంట్లో ఆయన ఊసెత్తాలన్నా ముందు వేళ్లు విప్పేవాడు, ఆ తర్వాతే కాక అనేవాడు. మా ఆయనకు కాక అయితే నాకు మామ, అలాగే పిలిచాను.

మనిషి సన్నగా, కొంచెం వంగి, చెవుల్లో దూది పెట్టుకుని ఉండేవాడు. పని దిగాక కూడా దూది తీసేవాడు కాదు. మా వాకిట్లోకి వస్తే కుర్చీ ఇచ్చినా కూర్చోడు, గడప పక్కన నేల మీద, అదీ ఎండ పడే చోట కూర్చునేవాడు. దయ్యాల కథలు పట్టపగలే చెప్పేవాడు. రాత్రిపూట ఎవడు చెప్పినా జనం భయపడతారు, అందులో చెప్పేవాడి గొప్పేముంది, ఎండలో చాయ్ తాగేవాడికి చెమట పట్టిస్తే అదీ పనితనం అని ఆయన లెక్క. కథ మొదలుపెట్టే తీరు ఒకటే. "ఇది నాకు చెప్పినోడు ఇప్పుడు లేడు" అనేవాడు. ఆ ఒక్క మాటకే మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టేసేవాడు.

పాత సామాన్ల దుకాణంలో తెలుగు వారపత్రికలు తూకానికి వస్తే వెతికి వెతికి మంత్రగాళ్ల సీరియళ్లు ఏరుకునేవాడు. ముందు వారం ఉంటే తర్వాతి వారం ఉండదు. లేని ముక్కలు తానే కల్పించేవాడు. అసలు రాసినవాడికంటే తన ముక్కే బాగుందని నాకు చూపించేవాడు. చదివితే నిజంగానే బాగుండేది, నేను మాత్రం ఒప్పుకోలేదు.

సినిమాల సంగతి ఇంకా విచిత్రం. సెలవు రోజున వరాఛా వైపు పోయేవాడు. అక్కడ వజ్రాలు సానబట్టే కుర్రాళ్లతో నిండే ఒక చిన్న వీడియో హాలు ఉండేదట. ఏ భాష దయ్యమైనా సరే, ఈయనకు ముందు వరసలో చోటు కావాలి. ఒకసారి మా ఆయన వెంట వెళ్లాడు. వచ్చి చెప్పిందేమిటంటే, కాక తెర వైపే చూడలేదట. ముందు వరసలో వెనక్కి తిరిగి కూర్చుని, సినిమా నడిచినంతసేపూ జనం ముఖాలు చూశాడట. తెర మీది వెలుగులో వాళ్లు దడుచుకుంటుంటే ఈయన మెల్లగా తల ఊపుతున్నాడట. మా ఆయన దాన్ని తమాషాగా చెప్పాడు. నేను మాత్రం, మనుషులు భయపడుతుంటే ముఖాలు చూసి ఆనందించేవాణ్ణి ఇంట్లోకి రానివ్వవచ్చా అని ఆలోచించాను.

ఆ రోజు నుంచి ఆయన మీద ఒక కన్నేసి ఉంచాను. భార్య సంగతి అడిగితే ఒకసారి ఊళ్లో ఉంది అన్నాడు, ఇంకోసారి పోయి చాలా కాలమైంది అన్నాడు. ఆయనతో ఒకే ఖోలీలో, అంటే ఒకే గదిలో, ఉండే మగవాళ్లను అడిగితే తలా ఒక మాట చెప్పారు. ఒకరికి కూతురుందన్నాడట, ఒకరికి ఎవరూ లేరన్నాడట. పోనీ దయ్యాన్ని ఎప్పుడైనా కళ్లారా చూశావా మామా అని నిలదీశాను. చూస్తే కథ చెప్పబుద్ధి అవుతుందా బిడ్డా అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది, నచ్చినందుకు అనుమానం ఇంకా పెరిగింది.

కట్టు గురించి ఆయన చెప్పింది ఆ రోజే. దయ్యాన్ని కథలోకి వదిలేముందు దాన్ని కట్టేసే షరతు ఒకటి చెప్పాలట. గడప దాటదు, పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతుంది, ఉప్పు తొక్కదు, ఇట్లాంటిది ఏదో ఒకటి. కట్టు ఉంటే వినేవాడు భయపడుతూనే లోపల ఒక దారి వెతుక్కుంటాడు, ఆ వెతుకులాట కోసమే జనం మళ్లీ మళ్లీ వస్తారు. కట్టు లేకుండా దయ్యాన్ని వదలడం మోసం అని, అట్లాంటి సినిమా చూసిన రోజు ఆయన అన్నం సరిగ్గా తినేవాడు కాదు. చదువుకున్నవాడిలా మాట్లాడుతున్నావు మామా అన్నాను. ఎక్కడ దొంగిలించావు అని అడగబోయి ఆగాను.

కరోనా వచ్చిన మొదటి ఏడాది సాంచాలు ఆగిపోయాయి. ఆ చప్పుడు మధ్య బతికినవాళ్లకు ఆ నిశ్శబ్దం పడలేదు. మా ఆయన నిద్రలో లేచి ఏమైంది అని అడిగేవాడు, ఏమీ కాలేదన్నా నమ్మేవాడు కాదు. ఖోలీల్లో పరిస్థితి ఘోరం. పగటి పాళీవాడు లేచి వెళ్తే రాత్రి పాళీవాడు అదే పరుపు మీద పడుకునే లెక్కన అద్దెకుండేవాళ్లు, ఇప్పుడు రెండు పాళీలూ ఒకేసారి గదిలో ఇరుక్కున్నాయి. కాళ్లు చాపుకోవడానికి కూడా వంతులు. పొద్దు గడవక మామను కథ చెప్పమని అందరూ పట్టుబట్టారు. ఆయన చెప్పనన్నాడు. కిరాణాకని బయటికి వచ్చి ఆయన గడప ముందు ఆగి, ఎందుకు చెప్పవని నేనే అడిగాను.

"దీనికి కట్టు లేదు బిడ్డా. ముట్టుకుంటే వస్తదన్నరు, ముట్టుకోకున్న వస్తదన్నరు. కట్టు లేనిది లోకం మీద తిరుగుతుంటే, నేనేం చెప్పాలె?"

అప్పుడు ఆయన కళ్లలో నేను చూసింది భయమే. ఎదుటివాళ్ల ముఖాలు చూసేవాడి ముఖం నేను చూశాను కదా అని లోపల కొంచెం సంతోషించాను కూడా.

చాలామంది దొరికిన బండి పట్టుకుని ఊళ్లకు పోయారు, ఆయన పోలేదు. ఎందుకు పోలేదో చెప్పలేదు. తర్వాత సాంచాలు మళ్లీ తిరిగాయి. సేఠ్ అందరికీ మాస్కులు తగిలించాడు. దానితో కార్ఖానాలో అందరూ మూగా చెవిటీ అయ్యారు. పెదవులు కనబడకపోతే మాట ఎక్కడిది? దారం తెగిందని చెప్పాలన్నా గడ్డం మీదికి మాస్కు లాగాల్సిందే. మామ కథలు పూర్తిగా మూతపడ్డాయి. హమ్మయ్య అనుకున్నాను.

రెండో ఏడు ఎండాకాలంలో జబ్బు మళ్లీ లేచి, ఈసారి మా ఇంటికే వచ్చింది. మా ఆయనకు ఊపిరి అందలేదు. ఆటోలో వేసుకుని తిరిగి తిరిగి ఒక దవాఖానాలో చేర్చాను. లోపలికి ఎవరినీ రానివ్వరు. ఆయన మంచం కింది అంతస్తులో కిటికీ పక్కన దొరకడం ఒక్కటే అదృష్టం. ఆ కిటికీ దవాఖానా వెనక జనరేటర్ ఉన్న సందులోకి ఉంది. అద్దం తెరవరు, మాట వినబడదు. గేటు దగ్గరికి వచ్చిన నర్సమ్మ నాకు హిందీలో చీవాట్లు పెట్టింది. బోర్లా పడుకోబెడితే ఊపిరి బాగా ఆడుతుందని డాక్టరు చెప్పినా నీ మొగుడు వినడు, తిప్పితే మళ్లీ వెల్లకిలా తిరుగుతాడు, ఇట్లాగైతే మెషిన్ మీద పెట్టాల్సి వస్తుంది అంది.

వినకపోవడానికి కారణం నాకు తెలుసు. బోర్లా పడుకుంటే ఇంటికి అరిష్టమని మా అత్త చిన్నప్పటి నుంచి వీపు మీద చరిచి లేపేదట. ఆమె పోయినా ఆ దెబ్బ పోలేదు. దానికి తోడు పక్క మంచం మీది మనిషిని గుడ్డలో చుట్టి తీసుకుపోవడం ఆయన చూశాడు. అప్పటి నుంచి కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. బోర్లా తిరుగు అని నేను అద్దం మీద కొట్టి, దండం పెట్టి, ఏడ్చి, తిట్టి చెప్పాను. నా వైపు చూసి కళ్లు మూసుకునేవాడు. మనిషి చేయి జారిపోతున్నాడని నాకు అర్థమైంది, ఏం చేయాలో తెలియలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నేను ఆ సందులోకి వెళ్లేసరికి మామ అప్పటికే అక్కడున్నాడు. మాస్కు గడ్డం కిందికి లాగి, బుగ్గలు పొంగించి, వేళ్లు వంకర చేసి, గాలిలోనే ఎవరి మీదో ఎక్కి కూర్చున్నట్టు కూర్చుని, రొమ్ము మీద చేత్తో కొట్టుకుంటున్నాడు. పెదవులు టకటకా కదులుతున్నాయి. లోపల మా ఆయన కళ్లు ఇంతింతై ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

"ఏం చేస్తున్నవ్ మామా? ఆయన ఊపిరి కోసం కొట్టుకుంటుంటే దయ్యాల కథనా? మొకం చూసి సంబురపడతానికి ఇంకెవ్వరు దొరకలేదా నీకు?"

ఆయన చొక్కా సర్దుకున్నాడు, కోపం తెచ్చుకోలేదు.

"డాక్టర్ చెప్తే ఇనలే, నువ్వు చెప్తే ఇనలే. అందుకే చెప్పిన. ఈ వార్డుల ఒకటి తిరుగుతంది, వెల్లకిల పండుకున్నోని రొమ్ము మీద కూసుంటది అని. బోర్ల పండుకుంటే వీపు మీద కూసోదా కాకా అని చేతులతోని అడిగిండు. కూసోదు, దానికి మొకం గావాలె, మొకం కనవడకుంటే దానికి తినబుద్ధి గాదు అన్న. కట్టు దొరికింది బిడ్డా."

నేను నమ్మలేదు. ముఖాలు చూడకపోతే తిన్నది అరగని దయ్యం ఎవరో నాకు తెలుసు కదా. సాయంత్రం గేటు దగ్గర నర్సమ్మను అడిగాను. మధ్యాహ్నం ఒక ముసలాయన కిటికీ దగ్గర గంతులేసి పోయాక మీ ఆయన తనంతట తానే తిరిగాడు, మధ్యలో మేం లేపితే కోప్పడ్డాడు కూడా అంది. అది కూడా చాలక మర్నాడు మామ రాకముందే వెళ్లి జనరేటర్ చాటున నిలబడి చూశాను. మా ఆయన బోర్లా పడుకుని ఉన్నాడు. చెంప దిండుకు ఆనించి, ఒక్క కన్ను కొంచెం తెరిచి వార్డంతా కలియచూసి మళ్లీ గట్టిగా మూసుకున్నాడు. చిన్నపిల్లాడు దుప్పట్లోంచి చూసినట్టు ఉంది. అన్నాళ్లకు నాకు నవ్వు వచ్చింది, నవ్వుతూనే ఏడ్చాను.

ఆ తర్వాత మామ రోజూ వచ్చి ముక్క ముక్కగా కథ నడిపాడు. నేను పక్కన నిలబడి చూసేదాన్ని. ఏమీ వినబడని కథను అంత శ్రద్ధగా చూడటం నాకు కొత్త. ఒక రోజు ఆయన రాలేదు. మా ఆయన అద్దం వైపు చూసి, బలహీనంగా రెండు చేతుల వేళ్లూ ముఖం ముందు విప్పాడు. కాక ఏడి అని అడుగుతున్నాడు. ఆ రోజు ఎంత చెప్పినా బోర్లా తిరగలేదు. పని పూర్తయ్యాక కుతూహలం తీరిపోయి ఉంటుంది ముసలాయనకు అని తిట్టుకుంటూ ఖోలీకి వెళ్లాను.

జ్వరం వచ్చిందని గదిలోవాళ్లు ఆయన్ను మేడ మీద నూలు కండెలు పెట్టే గదిలోకి మార్చారట. మెట్లెక్కి తలుపు కొట్టాను. తెరవవద్దు, దూరంగా ఉండు అన్నాడు. ఎట్లా ఉంది అంటే బాగానే ఉందన్నాడు. వాసన తెలుస్తోందా అని అడిగాను. ఎందుకు తెలియదు, నువ్వు తెచ్చిన చాయ్ వాసన ఇక్కడిదాకా వస్తోంది అన్నాడు. నేను తీసుకెళ్లింది గంజి. గిన్నె గడప ముందు పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాను. అబద్ధం దొరికితే గట్టిగా అడిగేసేదాన్ని, ఆ ఒక్కసారి అడగలేకపోయాను.

దవాఖానాకు పోదాం అన్నాను. మంచం ఎక్కడుంది బిడ్డా అన్నాడు. అది నిజమే, గేటు బయట ఆటోల్లోనే మనుషులు పడి ఉన్నారు. ఫోన్లు చేశాను, ఒక్కరూ ఎత్తలేదు. మిగతా కథ నువ్వే చెప్పాలి అన్నాడు తలుపు వెనక నుంచి. నాకు రాదన్నాను, నాకు అవంటే పడవన్నాను.

"అనుమానం ఉన్నోళ్లకే మంచిగ వస్తది బిడ్డా. తలుపు చప్పుడైతే ఊకె ఉండవు నువ్వు, వచ్చిందెవరో అనుకుంటవు. గదే కథ. ఒక్కటి యాది పెట్టుకో, కట్టు మాత్రం మార్చకు."

మర్నాడు నేను కిటికీ దగ్గర నిలబడి మాస్కు దించాను. ఆ దయ్యాన్ని మా ఇంటికి తీసుకొచ్చాను. అది మా వాకిట్లో కూర్చుంది, జాకెట్ల మూట విప్పింది, నీ మొగుణ్ణి నాకివ్వు అని నన్ను అడిగింది. అన్నం సగించనివ్వలేదు, ఫోన్ మోగినప్పుడల్లా నాకంటే ముందు లేచింది. ఆయన కళ్లార్పకుండా చూశాడు. ఇన్ని రోజులూ ధైర్యంగా ఉండు, నాకేం భయం లేదు అని ఆయనకు చెబుతూ వచ్చాను. నా భయం ఎంతో ఆయనకు దయ్యం పేరు చెప్పాకే తెలిసింది, చెప్పాక నా గుండె బరువు కూడా కొంచెం దిగింది. జనం డబ్బులిచ్చి ఎందుకు వెళ్తారో అప్పుడు కొద్దిగా అర్థమైంది. ఆయన బోర్లా తిరిగాడు.

మా ఆయన బతికి ఇంటికి వచ్చాడు. అది దాచి మిమ్మల్ని బిగబట్టి కూర్చోబెట్టడం నాకు చేతకాదు, ఆ విద్య మామది. ఇంటికి వచ్చి ఇంతకాలమైనా ఆయన కాక ఏడని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు.

మా ఆయన ఇంకా దవాఖానాలో ఉండగానే, నేను కథ అందుకున్న కొన్నాళ్లకు, ఒక రోజు పొద్దున ఖోలీ నుంచి ఒకతను దవాఖానా గేటు దగ్గరికి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మామ పోయాడన్నాడు. ఎవరు చూశారు, ఊపిరి సరిగ్గా చూశారా, నిద్రపోతున్నాడేమో అని అలవాటు కొద్దీ ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. "మేం గూడ పండుకున్నడనే అనుకున్నం వదినా. బోర్ల ఉండె" అన్నాడు. కార్పొరేషన్ బండి వచ్చి తీసుకుపోయిందట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. తానే కట్టిన కట్టు, తాను కూడా నమ్మి పడుకున్నాడు, పక్కన ఒక్కరైనా లేరు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గేటు పట్టుకుని కాసేపు నిలబడ్డాను.

తర్వాత కళ్లు కడుక్కుని సందులోకి నడిచాను. మా ఆయన ఎదురు చూస్తున్నాడు. వేళ్లు ముఖం ముందు విప్పాడు. నేను మాస్కు దించి, జ్వరం తగ్గింది, ఊరికి పోయిండు, మిగతాది నన్ను చెప్పమన్నడు అని పెదవులు కదిపాను. పెదవులు చదివే బతికినవాడు ఆ పూట నా పెదవుల వైపు చూడలేదు, నా ముఖమంతా చూశాడు. చాలాసేపు చూశాడు. చేయి దించేసి, ముక్కుకున్న గొట్టం పట్టుకుని, మెల్లగా బోర్లా తిరిగాడు. ఈసారి ముఖం నా వైపు పెట్టలేదు, గోడ వైపు తిప్పుకున్నాడు. వీపు కదులుతోంది. అది ఏడుపో ఊపిరో అద్దం ఇవతల నుంచి తెలియదు.

నేను కథ మొదలుపెట్టాను. అది వచ్చిందని, ప్రతి మంచం దగ్గరా వంగి చూసిందని, ఇక్కడ దానికి ముఖం దొరకలేదని చెప్పాను. ఆయన ఇటు చూడటం లేదని తెలిసే, అయిపోయేదాకా ఆ వీపుకే చెప్పాను.